అరవై దాటాక పరాయి దేశంలో కుదురుకోవాలంటే, ఆలస్యమైతే కోప్పడేవాళ్ళు దొరకాలి

"మా అక్క, బావగారు ఇద్దరూ రిటైరయ్యారు. సంఘం తరఫున సేవకు ఏడాదిన్నర పాటు విదేశం వెళ్తామని పట్టుబడుతున్నారు. ఈ వయసులో కొత్త దేశంలో కుదురుకోగలరా? ఎండ, తిండి, భాష ఎలా?" అని మీరు అడిగారు.

నేను ఏ దేశమూ వెళ్ళి సేవ చేయలేదు. కానీ అలాంటి సేవకు వచ్చిన అమెరికా దంపతులకు గుంటూరులో మా మేడమీద వాటా అద్దెకిచ్చాను. మా అబ్బాయి పిలిస్తే నేనూ మా ఆవిడా అమెరికా వెళ్ళి ఉండి వచ్చాం. వాళ్ళు ఇక్కడ కుదురుకున్నారు. మేము అక్కడ కుదురుకోలేదు. రెండూ దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ఎండకూ తిండికీ భాషకూ కుదురుకోవటంతో ఏ సంబంధమూ లేదు. ఉందని ఎవరైనా వాదిస్తే వాళ్ళు విమానం దిగిన మొదటి వారం గురించే మాట్లాడుతున్నారని నా అభిప్రాయం.

మా ఇల్లు బ్రాడీపేటలో. అద్దెకు వచ్చేవాళ్ళతో నేను పడ్డ బాధలు రాయాలంటే వేరే ప్రశ్న ఎవరైనా అడగాలి. నలుగురమే అని చెప్పి చేరతారు, పండగ రాగానే తొమ్మిది మంది తేలతారు. గోడకు మేకులు కొట్టం అంటారు, ఖాళీ చేశాక చూస్తే గోడంతా చిల్లులు. అందుకే మధ్యవర్తి ఈ దంపతులను తీసుకొచ్చినప్పుడు ముందు నాకు నచ్చింది ఒకటే: ఇద్దరే ఉంటారు. పెద్దాయనకు డెబ్బై దగ్గరపడుతోంది, పెద్దావిడ ఒకటి రెండేళ్ళు చిన్న. అమెరికాలో యూటా రాష్ట్రం. యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం వాళ్ళు. మామూలుగా మార్మన్లు అంటారు. మాది లూథరన్ కుటుంబం. వాళ్ళ సిద్ధాంతం మాకు పొసగదు. ఆ మాటే ఇంట్లో అంటే మా ఆవిడ "మీరు ఇస్తున్నది వాటానా, విశ్వాసమా?" అని నా నోరు మూయించింది.

ఇల్లు ఇవ్వటంతో పని అయిపోలేదు. విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఇంటి యజమాని వాళ్ళ వివరాల ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, అప్పట్లో దాన్ని ఫారం-సి అనేవాళ్ళు. ఇది చాలామంది ఇంటి యజమానులకు తెలియదు, హోటళ్ళకే అనుకుంటారు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఫారాలు నాకు కొత్త కాదు. అయినా మా వీధి చివర ఇంటర్నెట్ సెంటరు కుర్రాడు పాస్‌పోర్టు నంబరులో ఒక అంకె తప్పు కొట్టి, సరిచేయటానికి మళ్ళీ డబ్బులడిగాడు. తప్పు చేసినవాడికే రెండుసార్లు డబ్బులివ్వటం మన దగ్గరే చూస్తాం. ఇక 180 రోజులు దాటి ఉండే వీసా అయితే వచ్చిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కూడా ఉంటుంది. దాన్ని ఆ పెద్దాయనే ఓపిగ్గా చేసుకున్నాడు.

ఊరు తెలుసుకోవటం వాళ్ళకు ఎంత తేలికైందో చెబితే నమ్మరు. బ్రాడీపేటలో చిరునామా అంటే ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు, అంతే కదా. హైదరాబాదు నుంచి వచ్చిన మా బంధువులే ఇప్పటికీ తికమకపడి ఫోను చేస్తారు. ఈయన మాత్రం నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అనగానే తలూపి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వాళ్ళ సాల్ట్ లేక్ సిటీలో వీధులన్నీ ఇలాగే, మధ్యలో ఉన్న ఆలయం నుంచి తూర్పుకు ఇంత, దక్షిణానికి ఇంత అని అంకెలతోనే ఉంటాయట. పైగా వాళ్ళది వ్యవసాయ కుటుంబం, కాలువ నీళ్ళకు వంతులు కాసుకున్న మనిషి. 1847లో వాళ్ళ పూర్వికులు ఆ లోయకు చేరగానే చేసిన మొదటి పనుల్లో వాగు నీళ్ళు పొలానికి మళ్ళించటం ఒకటి. ఇలాంటి మనిషి దొరికితే నేను ఊరుకుంటానా? దుగ్గిరాల లాకుల దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడి లాకులు చూసుకునే లస్కరుతో చేతి సైగలతోనే తూముల గురించి చాలాసేపు ముచ్చటించాడు. నన్ను మరిచిపోయారిద్దరూ.

వాళ్ళకు డాలర్లు వచ్చిపడుతున్నాయని మా వీధిలో అందరూ అనుకున్నారు. ఆటోవాడు అనుకున్నాడు, కూరగాయల బండి ఆమె అనుకుంది, మొదట్లో నేనూ అనుకున్నాను. వాళ్ళ సంఘంలో ఇలా వెళ్ళే పెద్ద వయసు దంపతులు తమ ఖర్చు తామే పెట్టుకోవాలి. అద్దె, తిండి, బస్సు చార్జీ అన్నీ సొంత పింఛనులోంచే. ఇష్టమైన చోటు ఫలానా అని చెప్పుకోవచ్చు గాని ఎక్కడికి వెళ్ళాలో తేల్చేది సంఘం. ఉత్తరం వస్తుంది, అందులో ఏ ఊరుంటే ఆ ఊరు. మన దగ్గర సేవ అనే మాటకు ఎంత ఖర్చవుతుందో మీకు తెలుసు. నాలుగు దుప్పట్లు పంచితే నలభై ఫ్లెక్సీలు కడతారు, ఫ్లెక్సీలో దుప్పటి తీసుకునే ముసలావిడ కన్నా ఇచ్చేవాళ్ళ మెడలో దండలే పెద్దవిగా ఉంటాయి. ఈ దంపతుల ఛాతీ మీద ఉన్నది ఒక చిన్న నల్ల పేరుబిళ్ళ.

మీరు తిండి గురించి అడిగారు కాబట్టి చెబుతాను. కారం వాళ్ళను ఏమీ చేయలేదు. ఫిబ్రవరి వచ్చి మిర్చి యార్డులో బస్తాలు దిగుతుంటే అటువైపు వెళ్ళి వచ్చిన రోజు ఇద్దరూ తుమ్మారు, మనమూ తుమ్ముతాం. అసలు చిక్కు టీతో వచ్చింది. వాళ్ళు టీ, కాఫీ తాగరు. మద్యం, పొగాకు సరే, అవి తాగకపోతే మనవాళ్ళు మెచ్చుకుంటారు. టీ వద్దన్నారంటే మాత్రం మన ఇళ్ళలో అవమానం. మొదటి నెలలో ఏ ఇంటికి వెళ్ళినా ఇదే గొడవ. చక్కెర తక్కువ వేస్తామంటారు, పాలు ఎక్కువ పోస్తామంటారు, చివరికి మొహం ముడుచుకుంటారు. మా ఆవిడే వీధి మొత్తానికి చెప్పి పెట్టింది, మజ్జిగ ఇవ్వండి, బాదం పాలు ఇవ్వండి అని. ఆదివారం వాళ్ళు ఏమీ కొనరు, పాల ప్యాకెట్టు కూడా. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు తినరు, ఆ తిండికయ్యే డబ్బు పేదలకిస్తారు. మొదటిసారి ఆ వాసనా చప్పుడూ లేని వంటగదిని గమనించి, ఇద్దరూ పోట్లాడుకున్నారేమోనని మా ఆవిడ పెరుగన్నం పట్టుకుని పైకి వెళ్ళింది.

ఇవన్నీ ఉన్నా మొదట్లో వాళ్ళు కుదురుకోలేదు. కుదురుకోలేదని నాకెలా తెలుసంటే, రాత్రి పన్నెండు దాటాక మేడమీద అడుగుల చప్పుడు వినిపించేది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. మనకు అర్ధరాత్రి అంటే యూటాలో మిట్టమధ్యాహ్నం. పిల్లలు, మనవలు మేలుకుని తిరుగుతూ ఉంటారు. ఆవిడకు అక్కడ ఒక మనవరాలు పుట్టింది, ఫోనులో తప్ప చూడలేదు. జెట్ లాగ్ అయి ఉంటుంది నాన్నా అని మా అబ్బాయి తేల్చేశాడు. వచ్చి నాలుగు నెలలైనవాళ్ళకు జెట్ లాగ్ ఏమిటి?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అత్తగారు మా దగ్గరే ఉంటారు. ఎనభై ఎనిమిదేళ్ళు. కుగ్లర్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, అమెరికన్ డాక్టర్ల దగ్గర పనిచేసిన మనిషి. తుంటి ఎముక విరిగాక మంచం దిగటం తక్కువ. ఒకరోజు మేడమీది పెద్దావిడ మా ఆవిడను పలకరించటానికి లోపలికి వచ్చింది. ఆ పేరుబిళ్ళ చూసి మా అత్తగారు కొత్తగా వచ్చిన నర్సు అనుకుని బీపీ చూడమని చెయ్యి చాపారు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. అలా మొదలైంది.

ఆ సంఘంవాళ్ళకు వంశవృక్షాలంటే ప్రాణం. విజయవాడ, గుంటూరు ప్రాంతంలోని వాళ్ళ చిన్న సంఘాలకు సాయం చేయటం ఈ దంపతుల పని. లెక్కలు రాయటం నేర్పించటం, పిల్లలకు కీబోర్డు మీద పాటలు నేర్పించటం, కుటుంబాల పేర్లు రాయించటం. గుమ్మం గుమ్మం తిరిగి బోధించటం నేను చూడలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు ఆవిడ నోటుపుస్తకం పట్టుకుని మా అత్తగారి దగ్గర కూర్చునేది. ఈవిడ ఆసుపత్రి ఇంగ్లీషు, ఆవిడ అక్షరాలు కూడబలుక్కునే తెలుగు. తండ్రి పేరు, తాత పేరు, ఆయన తండ్రి పేరు. సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఆయనే. అక్కడ మా అత్తగారు ఆగిపోయారు. ఆయన తండ్రి ఎవరో ఆమెకు తెలియదు. మా లూథరన్ ఇళ్ళలో చాలావరకు ఇంతే, జ్ఞాపకం మొదటి బాప్తిస్మం దగ్గర మొదలవుతుంది, దాని వెనక ఏముందో మాట్లాడుకోలేదు. "మరి ఆయన భార్య పేరు?" అని ఆవిడ అడిగింది. మా అత్తగారు చాలాసేపు ఆలోచించి, ఆమెను అందరూ పెద్దకొడుకు పేరు పెట్టి వాళ్ళమ్మ అనే పిలిచేవాళ్ళని చెప్పారు. అమెరికా ఆవిడ ఆ గడి ఖాళీగా వదల్లేదు. ఫలానా వాళ్ళమ్మ అనే రాసింది.

ఇక్కడ నేను ఊరుకోలేదు. వాళ్ళు చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళకు బాప్తిస్మం ఇస్తారని నాకు తెలుసు. మొదటి కొరింథీయులకు పదిహేనో అధ్యాయం, ఇరవై తొమ్మిదో వచనం చూపిస్తారు. మా పెద్దలకు మా బాప్తిస్మం చాలని, మళ్ళీ ముంచనక్కర్లేదని పెద్దాయనతో తెగేసి చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. ఎవరి పూర్వికుల పేర్లు వాళ్ళే పంపుకోవాలని వాళ్ళ సంఘంలోనే నియమం ఉందనీ, ఈ పుస్తకం మీ అత్తగారిదే అనీ చెప్పి నా చేతిలో పెట్టాడు. ఇప్పటికీ మా బీరువాలో ఉంది. వాదన మాత్రం తేలలేదు, ఆ వచనం మీద నా వ్యాఖ్యానమే సరైనదని నా నమ్మకం.

ఒకరోజు పెద్ద వాన. దంపతులిద్దరూ పొద్దున్నే విజయవాడ వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు కాజ టోల్‌గేటుకు ముందు లారీల వరుసలో బస్సు ఇరుక్కుంది. మూడయింది, మూడున్నరయింది. మా అత్తగారు అప్పటికే తల దువ్వించుకుని, ఇస్త్రీ చీర కట్టించుకుని దిండుకు ఆనుకుని కూర్చున్నారు. నాలుగయ్యేసరికి మా ఆవిడ మీద విసుక్కున్నారు. నాలుగున్నరకు నా మీద. అయిదు దాటాక ఆ పెద్దావిడ మోకాళ్ళ దాకా తడిసి, చెప్పులు చేతిలో పట్టుకుని లోపలికి వచ్చింది. మా అత్తగారు ఆసుపత్రిలో చిన్న నర్సుల మీద వాడిన గొంతు బయటికి తీశారు.

"ఏమ్మాయ్, మూడు గంటలకు వస్తానని చెప్పి అయిదింటికా రావటం? నేను మనిషిననుకున్నావా, మంచంకోడు అనుకున్నావా? ఆలస్యమైతే ఒక ఫోను చేయాలని మీ అమ్మ నీకు నేర్పలేదా?"

మా ఆవిడ హడలిపోయింది. నేను సర్దిచెప్పబోయాను. ఆ పెద్దావిడకు ఆ మాటల్లో ఎన్ని తెలిశాయో గాని, తిట్టని మాత్రం తెలిసింది. తల వంచుకుని నిలబడి, "క్షమించండి అమ్మా, రేపు మూడు" అంది. మా అత్తగారు, "రేపు సంగతి రేపు చూద్దాం, ముందు ఆ కాళ్ళు తుడుచుకో, జలుబు చేస్తుంది" అని తన తువ్వాలు విసిరారు. ఆవిడ తుడుచుకుంటూ నవ్వటం మొదలుపెట్టింది. పైకి వెళ్ళి భర్తకు ఆ తిట్టంతా నటించి చూపించిందట. మర్నాడు రెండూ నలభై అయిదుకే వచ్చి కూర్చుంది.

ఆ రాత్రి నుంచి మేడమీద అడుగుల చప్పుడు ఆగిపోయింది. కాకతాళీయం అంటాడు మా అబ్బాయి. నేనొప్పుకోను. ఆలస్యమైతే కోప్పడేవాళ్ళు దొరికారు, ఆవిడకు గుంటూరు ఊరైంది. మే నెల ఎండలో కూడా ఆ తర్వాత ఒక్క ఫిర్యాదు వినలేదు.

ఇప్పుడు మా సంగతి చూడండి. డాలస్ దగ్గర మా అబ్బాయి ఇల్లు, ఏసీ, ఇంటినిండా తెలుగు మాట, ఫ్రిజ్‌లో గోంగూర. మీరు అడిగిన మూడూ అక్కడ ఉన్నాయి. నేను గిన్నెలు కడిగితే "మీకెందుకు మామయ్యగారూ శ్రమ" అని కోడలు వాటిని తీసి మళ్ళీ యంత్రంలో పెట్టేది. మా ఆవిడ వంట చేస్తే పిల్లలు నూనె ఎంత పోశావని లెక్కలడిగేవాళ్ళు. మా అబ్బాయి రోజూ ఒకటే మాట, "నాన్నా, మీరు రెస్ట్ తీసుకోండి." నాలుగు దశాబ్దాలు కాలువ గట్ల మీద తిరిగినవాడికి రెస్ట్ అంటే శిక్ష అని వాడికి ఎలా చెప్పను? సాయంత్రం నడకకు వెళ్తే మనవాళ్ళే, ఒక మాజీ తహసీల్దారు, ఒక మాజీ హెడ్మాస్టరు, మనవళ్ళ బండ్లు తోసుకుంటూ, విమానం దిగినప్పుడు ఇచ్చిన ఆరు నెలల గడువు ఎప్పుడైపోతుందా అని వేళ్ళు మడుచుకుంటూ. ప్రార్థనకు వెళ్ళాలంటే అబ్బాయికి తీరిక ఉండాలి. మేము ఒక పూట రాకపోతే అక్కడ ఏ పనీ ఆగేది కాదు. ఆలస్యంగా లేచినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఎంత మర్యాదగా చూశారంటే, విమానాశ్రయంలో భద్రంగా అప్పగించిన సామానులా ఉన్నాం.

మా గుంటూరుకు ఈ విషయం కొత్తగా చెప్పాలా? లూథరన్ మిషనరీ జె.సి.ఎఫ్. హెయ్యర్ 1842లో అమెరికా నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనకు 49 ఏళ్ళు, భార్య అప్పటికే పోయింది. తిరిగి వెళ్ళిపోయిన మనిషి, రాజమండ్రి మిషన్‌ను వేరే సంఘానికి అప్పగించేయబోతున్నారని తెలిసి 1869లో 76 ఏళ్ళ వయసులో మళ్ళీ బయలుదేరాడు. ఏసీ విమానాలు కావవి, ఓడలు. ఆ వయసులో ఆయనను లేపింది ఇంకా మిగిలి ఉన్న పని. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమెకు గుంటూరు ఎండ పడిందో లేదో ఎవరైనా అడిగారా? అటు నుంచి ఇటు రావటమే కాదు, ఇటు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 1903లో తెలుగు బాప్టిస్టులు నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. అక్కడి తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ కోసం ఆయన కుటుంబంతో సహా వెళ్ళాడు. మన పిల్లలకు హెయ్యర్ పేరైనా తెలుసు, రంగయ్యగారి పేరు తెలియదు. తెల్లవాళ్ళు వస్తేనే మిషనరీ అనుకునే అలవాటు మనవాళ్ళకు ఇంకా పోలేదు, ఇది నాకు పాత మంట.

కాబట్టి మీ అక్కగారిని ఎండ గురించి అడగకండి. అక్కడ మీకు అప్పగించిన పని ఏమిటి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరితో అని అడగండి. జవాబు పేర్లతో సహా వస్తే టికెట్టు కొననివ్వండి. "వెళ్ళాక చూస్తాం, ఏదో ఒక సేవ ఉంటుంది" అంటే ఆపండి. బావగారిని విడిగా అడగటం మరీ ముఖ్యం. ఇలాంటి ప్రయాణాల్లో ఆడవాళ్ళకు పని త్వరగా దొరుకుతుంది, మగవాళ్ళు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంటారు. మా అబ్బాయి మళ్ళీ రమ్మంటున్నాడు. ఈసారి అక్కడి తెలుగు సంఘంవాళ్ళు ఆదివారపు బడి పిల్లలకు తెలుగు చదవటం నేర్పమని మా ఆవిడకు ఫోను చేశారు. ఆమె అప్పుడే పెద్దబాలశిక్షలు కొనేసింది. నాకేం పని ఉందని అడిగితే మా అబ్బాయి మళ్ళీ పాత మాటే అన్నాడు. నేను ఇంకా సరే అనలేదు.

ఇక పనికొచ్చే ముక్క ఒకటి. మందుల చీటీ రాయించుకునేటప్పుడు కంపెనీ పెట్టిన పేర్లు కాకుండా లోపలి అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాయించుకోమనండి. మన షాపులో దొరికే పేర్లు చాలావాటిని అక్కడివాళ్ళు విని ఉండరు. ఆ అమెరికా పెద్దాయన బీపీ మాత్ర కోసం నేను మూడు మందుల షాపులు తిరగాల్సి వచ్చింది, అదీ మా అత్తగారు చీటీ లాక్కుని చదివి మందు పేరు చెప్పాక గాని దొరకలేదు.